మూడు లైన్ల హెచ్చరిక

పదకొండు ఇరవైకి టీచరమ్మని ఆ గదిలోకి తీసుకొచ్చారు. పదకొండు నలభైకి మళ్లీ లాకప్‌లో పెట్టేస్తామని స్టేషన్ రైటరు ముందే చెప్పాడు. ఉన్నది ఇరవై నిమిషాలు. తంతి బాబాయి చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు.

ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. టెలిగ్రాములు కొట్టే తంతి ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి, ఆ ఆఫీసుకి తాళం పడ్డాక ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. బోర్డు కట్టి పదకొండేళ్లయినా అందరి నోటా పాత ఉద్యోగమే నానుతోంది. ఇల్లు వదిలి పారిపోయినవాళ్లని వెతకడం, పెళ్లి సంబంధాలకి వాకబు చేయడం, ఆయన బతుకంతా అలాంటి కేసులతోనే వెళ్లిపోయేది. మనిషి ప్రాణం పోయిన కేసు ఇదే మొదటిది. వద్దనడానికి ఆయనకి నోరు రాలేదు, ఎందుకంటే వచ్చి అడిగింది పోయినాయన భార్య.

జరిగింది అందరికీ తెలిసిందే. పన్నెండు రోజుల కిందట, మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఒక మెసేజ్ బయల్దేరింది. అందులో ఉన్నవి మూడే లైన్లు. "మూడో వీధి మందుల షాపులో ఈ పొద్దున అమ్మిన దగ్గు సిరప్ పిల్లలకి పట్టించవద్దు. సీసాలో ఉన్నది దగ్గు మందు కాదు, పెద్దవాళ్లకిచ్చే నిద్రమందు. ఇప్పటికే పట్టించి ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి."

సాయంత్రానికి అది ఫోన్ ఫోన్‌కీ తిరిగింది. తిరిగేకొద్దీ నిద్రమందు కాస్తా విషమైంది, అమ్మినవాడు కావాలనే అమ్మాడయింది, ఇద్దరు పిల్లలు పోయారని కూడా అయింది. ఒక్క పిల్లాడూ పోలేదు. ఆరు నలభైకి రెండొందల మంది షాపు మీద పడ్డారు. ఎవరో రాయి వేశారు, ఎవరో షట్టరు దించారు, ఎవరో నిప్పు పెట్టారు. షాపు నడిపే మందులాయన లోపలే పోయాడు. తలో చెయ్యీ వేసిన పనికి చేసినవాడు ఎవడని అడిగితే ఎవరు చెప్తారు?

"చంపినవాళ్లు రెండొందల మంది బాబాయ్ గారూ" అంది మందులాయన భార్య, మొదటిరోజు ఆయన గదికి వచ్చినప్పుడు. "అంతమందిని తిట్టుకునే ఓపిక నాకు లేదు. మొదట రాసినవాళ్లు మాత్రం ఒక్కరే కదా. ఆ ఒక్క పేరు తెచ్చివ్వండి, చాలు."

పోలీసులు మెసేజ్ వచ్చిన దారినే ఫోన్ తర్వాత ఫోన్ పట్టుకుని వెనక్కి నడిచారు. నడక మూడు ముప్పై నాలుగు దగ్గర, ఈ టీచరమ్మ ఫోన్ దగ్గర ఆగిపోయింది. నాలుగు క్లాసుల తల్లిదండ్రుల గ్రూపులు ఆవిడే నడుపుతుంది. మూడు గ్రూపుల్లో మెసేజ్ పెట్టింది ఆవిడే. దాని మీద ఇంకొకరు పంపినట్టు గుర్తు లేదు. కాబట్టి రాసింది ఆవిడేనన్నాడు ఇన్‌స్పెక్టరు. రేపు పదకొండింటికి కోర్టులో హాజరుపరుస్తారు. జనాన్ని రెచ్చగొట్టి హత్య చేయించిందని కేసు.

"మీకు ఎవరో పంపితేనే కదమ్మా, మీరు మిగతా గ్రూపుల్లో పెట్టింది" అన్నాడు బాబాయి.

"నేనే పెట్టాను. అంతవరకే చెప్తాను."

"పెట్టింది మీరే. రాసింది మీరు కాదు. రాసినవాళ్లయితే నాలుగు గ్రూపుల్లోనూ పెట్టేవాళ్లు. మూడింట్లోనే ఎందుకు పెట్టారు?"

ఆవిడ కళ్లు గడియారం మీదికి వెళ్లి ఆగాయి. యాభై ఏళ్ల మనిషి, పన్నెండు రోజుల్లో అరవై దాటినట్టు అయిపోయింది.

"నాలుగో గ్రూపులో అప్పటికే ఉంది కాబట్టి" అన్నాడు ఆయనే. "అక్కడినుంచే మీకొచ్చింది. మరి ఫార్వర్డ్ గుర్తు ఎందుకు లేదు?"

"మా గ్రూపుల్లో ఫార్వర్డులు పెట్టకూడదు. రూలు నేనే పెట్టాను. ఏ మాటైనా ఎవరికి వాళ్లు సొంతంగా టైపు చేసుకోవాలి. మూడు లైన్లు దాటకూడదు. ఏమిటి, ఎందుకు, ఏం చేయాలి. పిల్లలకి క్లాసులో నేర్పేదీ అదే. ఒక్కరోజు గడిస్తే మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోతాయి."

"ఎందుకమ్మా ఇన్ని కట్టడులు?"

"పుకార్లు రాకుండా ఉండాలని" అంది టీచరమ్మ. ఆ మాట అనేసరికి ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, రెండిటినీ గొంతులోనే నొక్కేసుకుంది.

"నాలుగో గ్రూపులో ముప్పై మంది తల్లిదండ్రులున్నారు. ఒక్కరూ నోరు విప్పడం లేదు."

"భయపడ్డారు. ఆ రాత్రికే గ్రూపు వదిలేసి, యాప్ తీసేసి, మాకేం తెలియదన్నారు. నేను తప్పు పట్టను."

"మీ ఫోన్ తెరిస్తే పేరు తెలుస్తుంది. దాని తాళం నంబరు చెప్పేయొచ్చు కదా. రేపు ఇంటికెళ్లిపోతారు."

"బాబాయ్ గారూ, ఆ ఫోన్‌లో నూట ముప్పై మంది తల్లులు నాతో చెప్పుకున్న కష్టాలున్నాయి. ఒకావిడ భర్త కొడతాడు. ఒకావిడ కొడుకు పదేళ్లొచ్చినా పక్క తడుపుతాడు. నాతో చెప్పారు, ఊరితో కాదు. ఒక్క మెసేజ్ కోసం అవన్నీ ఈ బల్ల మీద గుమ్మరించమంటారా?"

ముప్పై ఏళ్లు జనం పుట్టుకలూ చావులూ అన్నీ బాబాయి వేళ్ల కిందనుంచే వెళ్లాయి. ఉద్యోగంలో చేరిన రోజు చేయించిన ప్రమాణం ఒక్కటే, చదివింది చెప్పకూడదని. ఇప్పుడు మధ్యలో చదివేవాడే లేడు. మంచిదే అనుకున్నాడు ఆయన మొదట్లో. కానీ మధ్యలో మనిషి ఉంటే, ఆ మూడు లైన్లు పంపేముందు ఒక్కసారి తలెత్తి "ఇది ఎవరు చెప్తున్నారో రాయలేదేంటమ్మా" అని అడిగేవాడు కదా అని కూడా అనిపించింది.

పదకొండు ముప్పై తొమ్మిదికి లేడీ కానిస్టేబులు తలుపు తీసింది. టీచరమ్మ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, తన సంగతి కాదు, కోర్టు సంగతి కాదు, ఇంకేదో అడిగింది.

"పాప బడికొస్తోందా?"

"ఏ పాప?"

ఆవిడ పెదాలు బిగించుకుని వెళ్లిపోయింది. బాబాయి గడియారం చేతికి పెట్టుకున్నాడు.

*

మందుల షాపు ముందుభాగం బొగ్గు. వెనక సగానికి మంట చేరకముందే ఫైరింజన్ వచ్చింది, ఏడూ పదిహేనుకి. అప్పటికే పొగ చేయాల్సిన పని చేసేసింది. కాపలా కానిస్టేబులు బాబాయిని చూసి అటు తిరిగి నిలబడ్డాడు. వాళ్లమ్మకి షుగరు మందు ఈ షాపునుంచే వెళ్లేది.

బాబాయి చూడాల్సినవి మూడు. ఒకటి, వెనక తలుపు. గడియ లోపలినుంచి తీసే ఉంది. అంటే తప్పించుకుపోవడానికి దారి ఉంది. పోలేదు. రెండు, పోయినాయన పడి ఉన్న చోటు. కౌంటర్ వెనక, ఆ తలుపుకి ఎనిమిది అడుగుల దూరం. మూడు, కౌంటర్ కిందున్న చిన్న ఇనప బీరువా. వేడికి తాళం బిగుసుకుపోయిందని పోలీసులు దాని జోలికే పోలేదు. మందులాయన భార్య ఇచ్చిన మారుతాళంచెవి ఆయన జేబులో ఉంది. కాస్త నూనె పోసి, అటూ ఇటూ కదిపి, ఓపిగ్గా తిప్పాడు.

"సీలు వేసిన చోట మీకేం పని పెద్దాయనా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. ముక్కు మీద కోపం ఆయనకి పుట్టుకతోనే వచ్చిందని స్టేషన్‌లో అంటారు.

"మీరు తెరవని బీరువా తెరుస్తున్నాను."

"అందులో మందులుంటాయి. నాకు కావాల్సింది మనిషి. ఆ మనిషి లాకప్‌లో ఉంది. మీరొచ్చి ఆవిడతో ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పారు, నేనేమీ అనలేదు. ఇక్కడితో ఆపేయండి."

"ఆవిడ రాయలేదు."

"అయితే ఎవరు రాశారో చెప్పమనండి. ఆ యాప్ కంపెనీకి నాలుగు లెటర్లు రాశాను. ఏమన్నారో తెలుసా? పంపినవాడి ఫోన్‌లో తాళం పడుతుందట, అందుకున్నవాడి ఫోన్‌లో తెరుచుకుంటుందట, మధ్యలో వాళ్ల దగ్గర తాళంచెవి లేదట. ఎంత నాజూగ్గా చేతులు దులిపేసుకున్నారో చూడండి. ఆ తాళంచెవి నా చేతిలో ఉంటే ఈ కేసు ఒక గంట పని."

"ఒక్క కేసుకే వాడతారా దాన్ని?"

"మనిషి ప్రాణం పోయింది పెద్దాయనా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతు తగ్గింది. "నోటికొచ్చింది రాసేసి, తాళం వెనక దాక్కుని, మాట్లాడే హక్కు అంటే నేను ఒప్పుకోను. ఆ రోజు ఫోన్ రాగానే వచ్చాను. మేం ముగ్గురం, వాళ్లు రెండొందలు. షట్టరు దాకా పోలేకపోయాను. లోపలినుంచి ఆయన దగ్గు వినబడింది నాకు. ఆ తర్వాత వినబడలేదు."

బాబాయి తాళంచెవి తిప్పడం ఆపి ఆయన వంక చూశాడు. ఇన్నాళ్లూ ఈ మనిషిని ఒట్టి మూర్ఖుడనుకున్నందుకు సిగ్గేసింది. తాళం మాత్రం ఆ క్షణంలోనే ఊడింది.

బీరువాలో అయిదు సీసాలు. ఒక్కోదానికీ తెల్ల టేపు చుట్టి, దాని మీద మందులాయన చేతిరాత. "3-48, కుట్టుమిషన్ రిపేరాయన." "3-55, పాలావిడ కోడలు." "4-10, డ్రాయింగ్ మాస్టారు." 4-30, 5-05 అని మరో రెండు. అందరినీ వాళ్ల వాళ్ల పనులతోనే గుర్తుపెట్టుకునేవాడు. తలుపు లోపలివైపు ఆరో టేపు ముక్క, ముందే రాసి అంటించి ఉంది. "బస్సు డ్రైవరు, బాబుకి నాలుగేళ్లు." టైము రాయలేదు.

"ఇవేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పొద్దున అమ్మిన సీసాలు. వెనక్కి తెప్పించుకుంటున్నాడు. అయిదొచ్చాయి. ఆరోది కోసం కూర్చున్నాడు. అందుకే వెనక తలుపులోంచి పోలేదు."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఆ టేపు ముక్కనే చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. పోయినాయన ఫోన్‌నుంచి వెళ్లిన ఆఖరి కాల్స్ లిస్టు అది.

"ఆరు నలభై ఒకటి, నలభై మూడు, నలభై ఆరు. మూడుసార్లూ ఒకే నంబరు. ఆ బస్సు డ్రైవరుదే. కాపాడమని బతిమాలుకోవడానికి చేశాడనుకున్నాను."

"డ్రైవరు ఎత్తలేదా?"

"ఎలా ఎత్తుతాడు. షట్టరు ముందే ఉన్నాడు, రాయి పట్టుకుని. ఫోన్ జేబులో మోగుతూనే ఉందట. వాడే చెప్పాడు నాకు, వెక్కి వెక్కి ఏడుస్తూ. బాబుని వాళ్లావిడ నాలుగూ ఇరవైకే ఆస్పత్రిలో చేర్చింది. ఆ మెసేజ్ చూసే చేర్చింది. పిల్లాడు బాగున్నాడు."

అదే మెసేజ్ ఒక ఇంట్లో పిల్లాడిని బతికించి, ఇక్కడ ఈ మనిషిని చంపేసింది. దాన్ని రాసినవాళ్లని తిట్టాలో దండం పెట్టాలో బాబాయికి తెలియలేదు. ఆ లెక్క తేల్చడం కోర్టువల్ల కూడా కాదనిపించింది.

కానీ ఒక సంగతి మాత్రం అప్పుడే తట్టింది. టీచరమ్మ మెసేజ్ పెట్టింది మూడు ముప్పై నాలుక్కి. మొదటి పిల్లాడు ఆస్పత్రికి చేరింది నాలుగూ ఇరవైకి. మూడున్నరకి ఎవరికీ ఏ జబ్బూ చేయలేదు. సీసాలో ఉన్నది నిద్రమందని అప్పటికి తెలిసినవాడు ఒక్కడే, మందులాయన. రాసినవాళ్లు ఎవరైనా, ఆయన నోటినుంచి విని రాసినవాళ్లే. పగతో రాసింది కాదది. అసలు ఆ మాటలు ఆయనవే.

మరి ఆయన మాటల్లో ఆయన ఎందుకు లేడు? తంతి ఆఫీసు కౌంటర్ దగ్గర బాబాయి వేలమందిని చూశాడు. తంతికి మాటకింతని డబ్బు కాబట్టి, మాటలు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు మంచివాళ్లు మొదట కొట్టేసేది తమ గురించి రాసుకున్న మాటే.

పాప బడికొస్తోందా అని అడిగింది టీచరమ్మ.

"ఏంటి, ఏదో తేలినట్టుంది మీకు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంకా లేదు."

"తేలకపోయినా పర్లేదు. ల్యాబ్‌వాళ్లు టీచరమ్మ ఫోన్ మధ్యాహ్నం తెరిచేస్తున్నారు. మెసేజ్ చెరిగిపోయినా, ఆవిడ దాన్ని ఫోటో తీసి దాచుకునే ఉంటుందని నా నమ్మకం. అయిదింటికల్లా నంబరు నా చేతిలో ఉంటుంది."

బాబాయి గడియారం చూసుకున్నాడు. మూడూ పది.

*

మందులాయన ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. గుమ్మం పక్కన "ఇచట బడి యూనిఫాంలు కుట్టబడును" అని చిన్న బోర్డు. పాప తలుపు తీసింది. పన్నెండేళ్లుంటాయి. మోచేతుల దాకా జారిన చొక్కా, పోయినాయనదే అయి ఉంటుంది.

"అమ్మ యూనిఫాంలు ఇచ్చిరావడానికి వెళ్లింది తాతగారూ. కూర్చోండి."

బాబాయి కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో దారంతా ఆలోచించాడు. తీరా చూస్తే ఆలోచించుకున్నదేదీ పనికిరాలేదు.

"బడికి వెళ్లడం లేదట."

"టీచర్ లేరుగా."

"టీచర్ నిన్ను అడిగారు."

పాప కిటికీ వైపు తిరిగింది. భుజాలు మాత్రం కదల్లేదు. ఏడవడం కూడా మానేసిన పిల్ల అది.

"టీచర్‌కి నేను చెప్పాను. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. ఇంకెవరికీ చెప్పకు, నేను చూసుకుంటాను అన్నారు. తర్వాత పోలీసులు తీసుకెళ్లారు."

"నాకు చెప్తావా తల్లీ?"

పాప పుస్తకాల సంచీలోంచి రఫ్ నోటుబుక్ తీసింది. ఒక పేజీ దగ్గర దారప్పోగు గుర్తు పెట్టి ఉంది. తెరిచి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఆ రోజు ఒంటిపూట బడి. అమ్మ ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది. నాన్న చేస్తే నేనే ఎత్తాను. అమ్మ లేదంటే, అయితే నువ్వే రాసుకుని అమ్మ ఫోన్‌లోంచి క్లాసు గ్రూపులో పెట్టు, నేను ఆరుగురికీ ఫోన్లు చేసుకోవాలి, టైము లేదు అన్నారు. నాన్న చెప్తూ ఉంటే రాశాను."

చెప్తుంటే రాసిన రాత అది. వంకరగా పరిగెడుతోంది. బాబాయి కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"ఇది మూడో వీధి మందుల షాపునుంచి నేనే చెప్పిస్తున్నాను. కంపెనీవాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. వాళ్ల దగ్గర లేబుళ్లు తారుమారయ్యాయట. నేను ఈ పొద్దున అమ్మిన దగ్గు సిరప్ పిల్లలకి పట్టించవద్దు. సీసాలో ఉన్నది దగ్గు మందు కాదు, పెద్దవాళ్లకిచ్చే నిద్రమందు. ఇప్పటికే పట్టించి ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మొత్తం ఆరు సీసాలు. తెచ్చి నాకిచ్చేయండి, ఎంత పొద్దుపోయినా షాపులోనే ఉంటాను. చూసుకోకుండా అమ్మాను, తప్పు నాదే, అందరూ నన్ను క్షమించాలి."

తొమ్మిది లైన్లు పట్టింది. అందులో ఆరింటి మీద స్కేలు పెట్టి, నీటుగా, గీత గీసి ఉంది. మిగిలిన మూడింట్లో "నేను" అన్న చోట కొట్టేసి "మూడో వీధి మందుల షాపులో" అని పైన రాసింది.

"నేను అని రాస్తే ఎవరికీ అర్థం కాదు కదా, అమ్మ ఫోన్‌నుంచి వెళ్తుంది కాబట్టి" అంది పాప. "మూడు లైన్లే పెట్టాలి. ఏమిటి, ఎందుకు, ఏం చేయాలి. ముఖ్యమైనవే ఉంచాలి. పిల్లలు బతకడం ముఖ్యం కదా తాతగారూ?"

"అదే ముఖ్యం."

"నాన్న సారీ చెప్పడం ముఖ్యం కాదనుకున్నాను."

బాబాయి నోటుబుక్ మీద చెయ్యి పెట్టాడు. ఎన్నో చావు కబుర్లు టకటకా కొట్టి పంపిన వేళ్లు అవి. నువ్వు చేసింది తప్పు కాదు అని చెప్పాలి. అది నిజం కూడా. కానీ నిజం చెప్పినంత మాత్రాన ఈ పిల్ల గుండె కుదుటపడుతుందా?

"నువ్వు సరిగ్గా రాశావు" అన్నాడు చివరికి. "దాని మీద మసి పూసింది వేరేవాళ్లు."

"సరిగ్గా రాస్తే నాన్న ఎందుకు చచ్చిపోయారు?"

గుమ్మంలో చప్పుడైంది. పాప తల్లి, భుజాన ఖాళీ గుడ్డసంచీతో నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఎన్నింటికి చేశాడే ఫోన్?" అంది.

"మూడూ ఇరవై రెండుకి."

"నాకోసం అడిగాడా?"

"అడిగారు. రాత్రికి లేటవుతుంది, అమ్మని తినేయమను అన్నారు."

"చెప్పలేదే నువ్వు."

"మర్చిపోయానమ్మా."

ఆవిడ గోడకి జారగిలబడి కూర్చుంది. పన్నెండు రోజులనుంచి ఒక పేరు కోసం కాచుకుని ఉన్న మనిషి. ఆ పేరు దొరికితే ఏం చేయాలో ఎన్నెన్ని రాత్రులు అనుకుందో. ఆ పేరున్న పిల్లని తొమ్మిది నెలలు మోసి కన్నది తనే. పాప వెళ్లి పక్కన కూర్చోబోయి, కూర్చోవచ్చో లేదో తెలియక నిలబడింది. తల్లి చెయ్యి చాచి దాని చొక్కా కొస పట్టుకుని లాగి, ఒళ్లోకి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది పాప, పన్నెండు రోజులదీ కలిపి.

"బాబాయ్ గారూ" అంది ఆవిడ, పిల్ల తల మీదుగా. "నేనొక పేరు అడిగాను మిమ్మల్ని. అడగలేదనుకోండి."

"అలాగే అమ్మా. అయినా అది పగతో రాసింది కాదు. ఆయన చెప్పిందే."

"అది నాకు తెలుసు. రెండొందల మందికి తెలుస్తుందా?"

అయిదు కావడానికి పది నిమిషాలుందనగా జీపు ఆగింది. తల్లి కూతుర్ని వెనకగదిలోకి పంపి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. బాబాయి నోటుబుక్ మూసి చేతిలో పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఒక్కడే లోపలికొచ్చాడు. అతను నోరు తెరవకముందే ఆవిడ రెండు చేతులూ ముందుకి చాపింది.

"ఆ మెసేజ్ నేనే రాశాను. నంబరు నాదే కదా. టీచరమ్మకేం తెలియదు. పదండి."

ఇన్‌స్పెక్టరు ఆ చేతులు చూశాడు, బాబాయి చేతిలో నోటుబుక్ చూశాడు, వెనకగది తలుపు చూశాడు. అడగాల్సినవన్నీ అడక్కుండానే అర్థమైపోయినట్టు టోపీ తీసేశాడు.

"నేను అరెస్టు చేయడానికి రాలేదమ్మా. టీచరమ్మని వదిలేశాను. ఫోన్ తెరిచేసరికి ఫోటో దొరికింది. మీ నంబరు, టైము, ఆ మూడు లైన్లు." ఆయన ఒకసారి వీధి వైపు చూశాడు. "తెరిచినప్పుడు గదిలో ఏడుగురున్నారు. నాలుగున్నరకి ఎవడో దాన్ని తన ఫోన్‌తో ఫోటో తీసి బయటికి పంపాడు. ఎవడో నేను పట్టుకుంటాను, కానీ ఇప్పుడు కాదు. ముందు మీరూ పాపా బయల్దేరండి."

"ఎక్కడికి?" అన్నాడు బాబాయి.

ఇన్‌స్పెక్టరు తన ఫోన్ ఆయన చేతికిచ్చాడు. పైన మెసేజ్ ఫోటో. కింద ఎవరో రాసిన మాటలు. "మందుల షాపువాడిని చంపించింది వాడి పెళ్లామే. రుజువు ఇదిగో. నంబరు ఇదే, ఇల్లు యూనిఫాంల బోర్డు ఉన్నది. అందరికీ పంపండి."

"తాళంచెవి కావాలన్నారు" అన్నాడు బాబాయి. అనేశాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది. ఇన్‌స్పెక్టరు వెళ్లి కిటికీ తలుపులు ఒక్కొక్కటే వేయడం మొదలుపెట్టాడు. వీధి చివర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఇందాక జీపు వచ్చినప్పుడు అక్కడ ఎవరూ లేరు.

అప్పుడే కుట్టుమిషన్ మీద ఆవిడ ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆవిడ కట్ చేసింది. వెంటనే మళ్లీ మోగింది, ఈసారి ఇంకో నంబరు. కట్ చేసేలోపే దాని వెనకాల మూడోది. మోగుతూనే ఉంటే పాప వెనకగదిలోంచి వచ్చి, ముఖం కడుక్కున్న తడి చేతులతో, ఫోన్‌కి దూరంగా గోడ దగ్గర నిలబడింది.

"అమ్మా, నేను ఎత్తను" అంది.